చీపురు విల్లు

జనవరి 27

ఎరువుల కొట్టువాళ్లు ఇచ్చిన డైరీ ఇది. ప్రతి పేజీ అడుగున ఒక పురుగుమందు పేరు వేశారు. నా మొదటి పేజీకి కాయతొలుచు పురుగు మందు వచ్చింది. నాకు తగినదే వచ్చింది.

ఏడో తరగతిలో బడి మానేశాక ఇంత పొడుగు రాయడం ఇదే. ట్రాలీ ఆటో తోలేవాడికి కిరాయి రసీదు మీద సంతకం తప్ప రాత ఎందుకు? ఏదున్నా నోటితో చెప్పేవాణ్ణి, హైమ నోటితోనే జవాబిచ్చేది. ఒకటికి నాలుగు ఇచ్చేది. ఇప్పుడు ఇంట్లో నేనొక్కణ్ణే మాట్లాడితే నా గొంతు నాకే ఎక్కువైనట్టుంది.

పొద్దున అన్నం గిన్నె మూత మీద ప్లాస్టిక్ బల్లిని పెట్టాను. పెళ్లయిన కొత్తలో ఇదే బల్లికి హైమ అరిచిన అరుపు విని, ఖమ్మంలో మా వాడ, ఖానాపురం హవేలి మొత్తం మా ఇంట్లో దొంగలు పడ్డారనుకుంది. ఈ రోజు ఏం చేసిందంటే, తోక పట్టుకుని ఎత్తి, కిటికీలోంచి బయటికి విసిరేసింది. తర్వాత పొయ్యి వైపు తిరిగింది. వెనక నుంచి చూస్తే భుజాలు కదిలాయి. నవ్విందో, కోపమొచ్చి ఎగపోసిందో తెలియలేదు. అడుగుదామనుకున్నాను. అడిగితే చేతులు తుడుచుకుని, పలక తీసుకుని, బలపం వెతుక్కుని రాయాలి. అంత చిన్న మాటకు అంత పని పెట్టడమెందుకని ఊరుకున్నాను.

నవంబర్‌లో హైదరాబాద్ దవాఖానాలో ఆమె గొంతు పెట్టె తీసేశారు. గడ్డ పోయింది, మనిషి దక్కింది. మెడ కింద రంధ్రంలోంచి ఊపిరి తీస్తుంది, దాని మీద పలుచని గుడ్డ కట్టుకుంటుంది. మాట ఇక రాదని డాక్టర్ ముందే చెప్పాడు.

సాయంత్రం కన్నమ్మత్త వడ్ల సంచితో వచ్చింది. ప్రతి ఏడూ మా వసారాలోనే వాడకట్టు ఆడవాళ్లు కూర్చుని, భద్రాచలం రాముడి కల్యాణానికి గోటితో వడ్లు ఒలుస్తారు. రోకలి తగలకూడదు, మర తగలకూడదు. గింజ విరగకుండా గోటితోనే పొట్టు తియ్యాలి. పాట ఎత్తేది హైమ.

కన్నమ్మత్త కూర్చునే ముందు స్టూలు కాళ్లు నాలుగూ కదిపి చూసింది. పోయినేడు నేను ఒక కాలు వదులు చేసి పెట్టిన పనికి.

"కిష్టయ్యా, స్టూలు మంచిదేనా?"

"నీ బరువుకు అది భయపడాల్నత్తా, నువ్వెందుకు భయపడతవ్?"

"నీ నోట్లె మన్ను. ఇగో, నేనొచ్చిన పని విను. హైమ కూసుంటది. గొంతు లేకపోతే ఏంది, గోర్లు లేవా? తిప్పలంతా పాటతోనే. మొదటి రెండు వరుసలు, ఆఖరుది మాకొస్తయి. మూడోది ఎన్నడు మేం పాడలే, అది ఆమె ఒక్కతే పాడేది. నువ్వు ఏటేటా ఫోన్ల తీస్తివి గదా. గవన్ని కలిపి ఒక్కటి చెయ్యి. ఉగాదినాడు తలంబ్రాల మూట గట్టేటప్పుడు టీవీల పెడదాం. ఆమె పాట ఆమె ముంగటనే."

"ఉన్నయత్తా. ఒకటా, రెండా? సినిమా తీసి చూపిస్త."

హైమ పలక మీద రాసి నా మొహం ముందు పెట్టింది. "మొత్తం పాట ఉందా?"

"మొత్తం ఉంది. నువ్వు మధ్యల ఊపిరి పీల్చిన చప్పుడుతోసహా ఉంది" అన్నాను.

వాళ్లమ్మ పాట అది. మాటలు పలక మీద రాయగలదు. ఆ బాణీ రాయడానికి ఏ బలపమూ పనికిరాదు.

జనవరి 29

ఈ ఫోను, పాత ఫోను, దాని కార్డు, అన్నీ వెతికాను. నాలుగేళ్ల వీడియోలున్నాయి. బాగానే ఉన్నాయి. కొంచెం చప్పుడు ఉంది. ఫోన్లలో మైకులు మంచివి పెట్టరు.

ఫిబ్రవరి 2

ఉదయ్ భాస్కర్ స్టూడియోకి వెళ్లాను. పెళ్లి వీడియోలు తీస్తాడు. నా చిన్ననాటి దోస్తు, నా చేతిలో ఎక్కువసార్లు బలైనవాడు. ఒకసారి పెళ్లిలో వాడి కెమెరా లెన్సుకు ఎర్ర బొట్టుబిళ్ల అంటించాను. పెళ్లికూతురు ఎటు తిరిగినా వెనకాలే ఒక ఎర్ర చందమామ పోయింది.

"రా బై. ఇయ్యాల ఏడ పెడతవ్ బొట్టు?"

"నీ నుదుట పెట్టి పోదామని వచ్చిన."

విషయం చెప్పాక నవ్వు ఆపాడు. మూలనున్న పాత కంప్యూటర్ మీద గుడ్డ తీశాడు.

"తీస్కపో. కిరాయి గిట్ల ఏం వద్దు. నువ్వే నేర్చుకో. నేను జేస్తే పెళ్లి వీడియో అయితది. గుండెలెగురుతయి, పూలు రాలతయి. హైమక్కకు గవ్వి వద్దు."

పక్కన కుర్చీలో కూర్చోబెట్టి నేర్పాడు. నాకర్థమైనది రాసుకుంటున్నాను. ముందు వీడియోలన్నీ కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్‌లో వేసుకోవాలి. అక్కడి నుంచి లాగి కింద పొడుగు పట్టీ మీద పడెయ్యాలి. పట్టీలో పైన బొమ్మ, దాని కింద మాట. కత్తెర గుర్తు నొక్కితే ముక్క అవుతుంది. అక్కరలేని ముక్కను తీసేస్తే మిగిలినవి దగ్గరికి జరుగుతాయి. మాట గీతల్లా కనిపిస్తుంది. చిన్నగా మాట్లాడితే గట్టులా, అరిస్తే కొండలా.

"ఒక్కటి యాది పెట్టుకో. ఫోన్లకెల్లి కంప్యూటర్లకు కాపీ కొట్టు. కట్ కొట్టకు. అసలుది ఎప్పుడు అసలు జాగల ఉండాలె."

సరేనన్నాను. ఇంటికొచ్చాక, పాత ఫోను కార్డుతోసహా అన్నీ కట్ కొట్టాను. మిరప సీజను. ఎర్రుపాలెం నుంచి మార్కెట్‌కి లోడుమీద లోడు. ఫోన్ నిండిపోయి రైతులు పంపే లోడు ఫోటోలు రావడం లేదు. కంప్యూటర్‌లో ఉన్నాయి కదా, ఎక్కడికి పోతాయి?

ఫిబ్రవరి 5

సేవ్ నొక్కలేదు. కరెంటు పోయింది. మళ్లీ మొదటి నుంచి.

ఫిబ్రవరి 10

తలుపు వేసుకుని చేస్తున్నాను. హైమ రెండుసార్లు తలుపు కొట్టింది. పలక మీద "వినిపించు" అని ఉంది.

"సినిమా విడుదల గాకముందు చూపిస్తరా? ఉగాదికి రా, టికెట్ ఉంచుత" అన్నాను.

నవ్వలేదు. వెళ్లిపోయింది.

వినిపించడానికి ఏముంది గనక? పాట నాలుగే వరుసలు.

గోటితో ఒలిచేము గింజ గింజా
సీతమ్మ తలపైన రాలవమ్మా
విల్లెత్తినా వాడు వచ్చెనమ్మా
వెన్నెలా పందిరి వేయరమ్మా

మొదటి ఏడు: మొదటి వరుస మొదలవగానే నేను గుడి మైకు గొంతు పెట్టి "దారి విడవండి, దారి విడవండి" అంటున్నాను. రెండో ఏడు: హైమ చీర కట్టుకుని, వరుసలో కూర్చుని, ఆడగొంతుతో అందరికంటే పైన పాడుతున్నాను. మూడో ఏడు: వడ్లలో మరమరాలు కలిపి, "గిదెవరి చేతి పని? ఇంత తెల్లగ ఒలిచింది!" అని తీర్పులు చెబుతున్నాను. నాలుగో ఏడు ఇవన్నీ ఉన్నాయి.

ఫోన్‌ను కిటికీ ఊచల మధ్య నిలబెట్టి నేనే వచ్చి ఆడేవాణ్ణి. పాటను తీసింది కాదు ఆ ఫోను. నన్ను తీసింది.

నా అరుపులు కొండల్లా కనిపిస్తున్నాయి. కత్తెర పెట్టి ఒక కొండ తీశాను. దాని అడుగున హైమ ఉంది. నేను పోతే ఆమె కూడా పోతోంది.

ఫిబ్రవరి 13

ఉదయ్‌ని అడిగాను, నన్ను తీసేసి ఆమెను ఉంచే మార్గం ఏదైనా ఉందా అని. ఏదో కొత్త రకం సాఫ్ట్‌వేర్ ఉందని వేసి చూపించాడు. హైమ బావిలో కూర్చుని పాడినట్టు వచ్చింది.

"తీసెయ్. అది హైమ గాదు" అన్నాను.

"మరేం జెయ్యాలె బై? ఇద్దరి గొంతు ఒక్కదాంట్లనే పడ్డది. కలిపిన చాయ్‌లకెల్లి పాలు పిండమంటవ్."

ఫిబ్రవరి 19

వసారాలో ఒలుపుడు మొదలైంది. హైమ ఎప్పటి జాగాలోనే కూర్చుంది. కన్నమ్మత్త పాట ఎత్తింది. మొదటి వరుస పరవాలేదు. రెండోది ఎటో పోయింది. మూడో వరుస దగ్గర అందరూ ఆగిపోయారు. ఎవరూ ఎవరి మొహం చూడలేదు. హైమ పళ్లెం అంచు మీద గోటితో టిక్, టిక్ అని తాళం వేసింది, ఆ వరుస పొడవునా. తర్వాత నాలుగోది అందరూ అందుకున్నారు.

నేను ట్రాలీకి గాలి తక్కువుందని బయటికి వచ్చాను. గాలి సరిగ్గానే ఉంది.

ఫిబ్రవరి 24

దొరికింది! ఏరుకోవాలి, అంతే. ఈ ఏటి నుంచి సగం వరుస, ఆ ఏటి నుంచి సగం వరుస. నేను దగ్గి, నీళ్లు తాగి, ఊపిరి పీల్చుకున్న చోటల్లా ఆమె ఉంది. మొదటి వరుస అయిపోయింది. చీర నీలంగా మొదలై "గింజా" దగ్గరికి వచ్చేసరికి పసుపు అవుతుంది. పరవాలేదు.

హైమ నన్ను తిట్టే మాటలు ఇక్కడొకటి, అక్కడొకటి ఉన్నాయి. అవి పాట కాదు. తీసేశాను.

మార్చి 1

మొదటిది, రెండోది, నాలుగోది వచ్చాయి. మూడోది లేదు. ఏ ఏడూ లేదు. నాలుగేళ్లూ మళ్లీ మళ్లీ చూశాను.

విల్లెత్తినా వాడు అని హైమ అనగానే నేను చీపురు ఎడమ చేత పట్టి, కుడి చేత్తో లేని నారి లాగుతూ లోపలికి దూకేవాణ్ణి. ఏటేటా అదే. ఆ వరుస కోసమే తలుపు వెనక కాచుకుని ఉండేవాణ్ణి. ఆమె ఒక్కతే పాడే వరుస కదా, వసారా అంతా నిశ్శబ్దంగా ఉంటుంది, దూకితే బాగుంటుంది.

బాగానే ఉండేది. అందరూ పళ్లేలు పక్కన పెట్టి నవ్వేవాళ్లు.

మార్చి 4

కారేపల్లి లోడు దించి, కళావతి ఇంటికి వెళ్లాను. హైమ చెల్లెలు. ఒకే తల్లి నేర్పిన పాట, ఒకే ముక్కు, గొంతు కూడా దాదాపు అదే. ఒక్క వరుసే కదా.

"బావా, అక్కకు చెప్పినవా?"

"చెప్పకుండ వస్తనా?"

"ఏమన్నది?"

"మంచిగ పాడమని చెప్పు అన్నది."

"అన్నదా, రాసిందా?"

నేను జేబులోంచి ఫోన్ తీశాను. కళావతి నన్నే చూస్తూ ఉంది. తర్వాత ఏమనుకుందో, ట్రాలీ కేబిన్‌లో ఎక్కి, అద్దాలు మూసి, పాడింది. ఫోన్ పట్టుకుని నేను కిక్కురుమనలేదు. జీవితంలో మొదటిసారి ఒక పాట మొత్తం నోరు మూసుకుని విన్నాను. అది హైమ పాట కాకపోయింది.

మార్చి 9

అయింది. మూడో వరుస దగ్గర పెదాలు కలవవు కాబట్టి అక్కడ భద్రాచలం గోపురం ఫోటో పెట్టాను. గోపురం మీద గొంతు. ఎవరికి తెలుస్తుంది? నాకే తేడా తెలియడం లేదు. చాలాసార్లు విన్నాను, నిజంగానే తేడా తెలియలేదు.

ఎక్స్‌పోర్ట్ అని నొక్కితే అన్ని ముక్కలూ అతుక్కుని ఒకటే వీడియో అయ్యింది. టీవీకి పెట్టే పెన్‌డ్రైవ్‌లో వేశాను.

మార్చి 12

కంప్యూటర్ నిండిపోయిందని అరుస్తోంది. పాత వీడియోల ఫోల్డర్ తీసేశాను, చెత్తబుట్ట గుర్తు కూడా ఖాళీ చేశాను. కూర వండాక తొక్కలు దాచుకుంటామా? నా కోతిచేష్టలు ఇంకెవరూ చూడక్కర్లేదు. మనసు తేలికయింది.

ఖాళీ జాగాలో ఉదయ్ ఇచ్చిన ఇంకో పెళ్లి వీడియో వేసుకుని పేర్లు రాయడం నేర్చుకుంటున్నాను. హైమ పేరు బంగారు రంగులో తిరుగుతూ వచ్చేలా చేశాను. మరీ పెళ్లిలా ఉందని మళ్లీ తీసేశాను.

మార్చి 30, ఉగాది

రాయాలి. రాయబుద్ధి కావడం లేదు.

తలంబ్రాలు పసుపు గుడ్డలో పోశారు. ముడి వేసే ముందు టీవీ పెట్టాను. హైమ గొంతు వచ్చింది. కన్నమ్మత్త కొంగు నోట్లో కుక్కుకుంది. హైమ టీవీ వైపే చూస్తూ, పళ్లెం అంచు మీద గోటితో తాళం వేస్తోంది. నీలం చీర, పసుపు చీర, ఆకుపచ్చ చీర. మొదటి వరుస. రెండో వరుస.

గోపురం వచ్చింది. గోరు ఆగింది.

ఆమె ఇక టీవీ చూడలేదు. తల తిప్పి నన్ను చూసింది. ఆ వరుస అయిపోయేదాకా చూస్తూనే ఉంది.

అందరూ ఏడ్చి, మెచ్చుకుని, "కిష్టయ్యా, నీల గింత పనితనం ఉందా?" అని వెళ్లాక పలక తీసుకుంది.

"మూడోది కళావతి."

"అబ్బ, ఏం చెవులు! గొంతు తీసినోళ్లు చెవులు మార్చిండ్రా ఏంది?" అన్నాను.

ఈ మాట నోట్లోంచి వచ్చింది. కొట్టేయకుండా ఉంచుతున్నాను.

ఆమె తుడిచి మళ్లీ రాసింది. "అందులో నువ్వేడున్నవ్?"

"నేనెందుకు? పాట నీది గదా."

తుడిచింది. "చీపురు పట్టుకొచ్చేది పెట్టు."

"హైమా, అండ్ల నీ పాట ఇనపడదు. నా ఒర్లుడే ఉంటది."

ఈసారి తుడవలేదు. అదే పలక మీద కింద చిన్నగా రాసింది. "నాకు తెలుసు. పెట్టు."

రెండు నిమిషాల పని, ఇప్పుడే పెడతానని లోపలికి వెళ్లాను. తలుపు వేసుకున్నాను. పొడుగు పట్టీ తెరిచాను. అన్ని ముక్కలూ ఎర్రగా ఉన్నాయి. ఫైలు దొరకలేదు, ఫైలు దొరకలేదు, ఫైలు దొరకలేదు.

బయటికి వచ్చి కరెంటు తక్కువుందని చెప్పాను. ఫ్యాను ఫుల్లుగా తిరుగుతోంది.

మార్చి 31

కంప్యూటర్‌ను ట్రాలీలో వేసుకుని ఉదయ్ దగ్గరికి వెళ్లాను.

"కాపీ కొట్టినవా, కట్ కొట్టినవా?"

నేను కంప్యూటర్ వైరు చిక్కు తీస్తూ కూర్చున్నాను.

"మరి ఫోల్డర్ ఎందుకు తీసినవ్ బై?"

"అతికిన తర్వాత పట్టీల ఉంటయి గదా అనుకున్న."

"పట్టీల వీడియోలు ఉండయి. ఏ వీడియో ఏడికాడికి కొయ్యాల్నో ఆ గుర్తే ఉంటది. అసలుది పోతే గుర్తుల్ని పట్టుకుని ఏం జేస్తవ్?"

పోయినవి తవ్వి తీసే సాఫ్ట్‌వేర్ వేశాడు. పొద్దంతా తిరిగింది. నేను పేర్లు నేర్చుకోవడానికి వేసిన పెళ్లి వీడియో సరిగ్గా ఆ జాగాలోనే పడిందట. దొరికినవి రెండు ముక్కలు. ఒక దాంట్లో నేల. ఇంకో దాంట్లో నా మోచెయ్యి. చప్పుడు లేదు.

ఉదయ్ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

హైమకు కంప్యూటర్ రిపేరులో ఉందని చెప్పాను. తల ఊపింది. పలక తీసుకోలేదు.

ఏప్రిల్ 1

చీపురుతో దూకే వీడియో ముక్కలు ఏటేటా వాట్సాప్‌లో అందరికీ పంపేవాణ్ణి కదా! నా ఫోన్‌లోవి ఎప్పుడో తుడిచేశాను. ఎవరి దగ్గరో ఒకరి దగ్గర ఉండాలి. పొద్దుటి నుంచి ఫోన్లు.

ఇవాళ ఒకటో తారీకు. ఏప్రిల్ ఫూల్ చేస్తున్నాననుకుని సగం మంది పెట్టేశారు.

మిర్చి యార్డులో పనిచేసే తిరుపతి: "నువ్వు పంపేటివి జూడకుండనే తీసేస్త అన్నా. యాభై మందికి ఒక్కటే పంపుతవ్, ఫోన్ నిండుతది."

కన్నమ్మత్త ఫోన్ మార్చింది. కళావతి ఫోన్ నీళ్లలో పడింది. ఆమెకు నిజం చెప్పాను, హైమను అడగకుండానే పాడించానని.

"నాకు అప్పుడే తెలుసు బావా. అక్క ఎప్పుడూ మంచిగ పాడమని చెప్పదు. మంచిగనే పాడతవ్ అంటది" అంది.

ఏప్రిల్ 3

హైమకు చెప్పాను. వంటింటి గుమ్మంలో నిలబడి, జోకు లేకుండా. కట్ కొట్టానని, ఫోల్డర్ తీసేశానని, నా అరుపులు ఎవరికీ వద్దనుకుని తీసేశానని. ఆమె చేతిలో గరిటె అలాగే ఉంది. పొయ్యి ఆపింది. పలక కోసం చూడలేదు. వచ్చి నా చొక్కా కాలరు సరిచేసి, మళ్లీ వెళ్లి పొయ్యి వెలిగించింది.

తిట్టడానికి ఆమె దగ్గర గొంతు లేకపోవడం ఇంత బాధగా ఉంటుందని తెలియదు.

ఏప్రిల్ 4

తలంబ్రాలు భద్రాచలం చేర్చాం. వాడకట్టు వాళ్లు బస్సులో వచ్చారు. మూట ఒళ్లో పెట్టుకుని హైమ నా పక్కన ట్రాలీలో కూర్చుంది. పాల్వంచ దాటేదాకా నేను ఒక్క మాట మాట్లాడలేదు. నా మొహం వైపు రెండుసార్లు చూసింది, జ్వరమొచ్చిందేమో అన్నట్టు.

గుడి దగ్గర మూట అప్పజెప్పాక, అడవి దారిన జంపక్క ఊరికి మళ్లించాను. జంపక్క, ఆమె భర్త దూలయ్య అడవిలో ఆకు ఏరి విస్తళ్లు కుడతారు. ఆ కట్టలు ఖమ్మం తెచ్చేది నేనే. పోయిన సంవత్సరం వాళ్లు కొత్తగా ఫోన్ కొన్నప్పుడు, ఎలా వాడాలో చూపిస్తూ నా వీడియో ఒకటి ఎక్కించాను. అది ఉంటుందన్న ఆశతో వెళ్లానని హైమకు చెప్పలేదు. లేకపోతే పోయిందని ఇంకోసారి చెప్పాలి.

జంపక్క మమ్మల్ని చూసి వాకిట్లోకి వచ్చింది.

"ఓ చీపురాయనా! ఇన్నొద్దులకు యాదికొచ్చినమా?"

ఆ పేరు వినగానే హైమ నా వైపు చూసింది.

"జంపక్కా, ఆ వీడియో... ఉందా ఇంక?"

"ఎటు బోతది? మా తాన సిగ్నలే రాదు, ఇంకోటి వచ్చేదుంటే గదా దాన్ని తీసుడు. మా మనుమలు ఏడిస్తే గదే పెడత. దూలయ్య గుడ చీపురు పట్టి ఎగురుతడు."

"నేనెన్నడు ఎగిరిన?" అన్నాడు దూలయ్య ఆకు కట్టల వెనక నుంచి.

"మొన్న ఎగురలే?"

"మొన్న ఎలుక వచ్చింది గాబట్టి."

జంపక్క లోపలికి వెళ్లి ఫోన్ తెచ్చింది. అద్దం ఒక మూల పగిలింది. నాకివ్వకుండా నేరుగా హైమ చేతిలో పెట్టింది.

బొమ్మ మసకగా ఉంది. మొదట కన్నమ్మత్త వీపు. హైమ ఆకుపచ్చ చీరలో, తల వంచుకుని గింజ ఒలుస్తోంది. ఎత్తింది. "విల్లెత్తినా వా..." నేను దూకాను. "ఎవడురా విల్లెత్తింది? నేనేరా!" అందరి నవ్వు. ఆ నవ్వు మధ్యలో హైమ మళ్లీ ఎత్తింది. "విల్లెత్తినా..." ఆమెకే నవ్వు వచ్చింది. గొంతులోంచి పొర్లి వచ్చిన నవ్వు, చివర్న చిన్న కీచుతో. నేను మర్చిపోయిన కీచు అది. తర్వాత ఊపిరి అందక, "ఏమయ్యా! నేను పిలిచింది నిన్ను గాదయ్యా, రాముణ్ణి! పో అవతలికి!"

అక్కడితో అయిపోయింది. మూడో వరుస పాడలేదు. ఈ నాలుగేళ్లలో ఏ ఏడూ పాడలేదు. నెల రోజులు నేను ఏ వరుస కోసం వెతికానో ఆ వరుస అసలు లేదు. అక్కడ ప్రతి ఏడూ ఉన్నది ఈ నవ్వు, ఈ తిట్టు. దాన్ని నా చేత్తో, కత్తెర గుర్తు నొక్కి, పాట కాదని తీసేశాను.

హైమ ఫోన్ చెవికి ఆనించుకుని మళ్లీ పెట్టింది. మళ్లీ. వాకిట్లో నిలబడే వింది. జంపక్క కుర్చీ తెచ్చినా కూర్చోలేదు. చివరికి పలక కావాలని చేయి చాపింది. ట్రాలీలో మర్చిపోయాం. వేలితో గాలిలో రాయబోయి మానేసింది. నా చేయి తీసుకుని ఫోన్ మీద, తెర మీద నేను చీపురు పట్టుకున్న చోట, నా వేలు ఆనించి పట్టుకుంది.

ఏప్రిల్ 7

ఉదయ్ ఆ ముక్కను కాపీ కొట్టాడు. నా ఫోన్‌లో ఒకటి, కంప్యూటర్‌లో ఒకటి, వాడి స్టూడియోలో ఒకటి. అసలుది జంపక్క దగ్గరే ఉంది.

పాటలో గోపురం తీసేసి దీన్ని పెట్టాను. ముందూ వెనకా ఎక్కడా కత్తెర పెట్టలేదు. బొమ్మ మసక, చప్పుడు ఎక్కువ, నేను మధ్యలో నిలబడి హైమకు అడ్డం. కన్నమ్మత్త చూసి, "గిదేందిరా, మొదటిదే మంచిగుండె" అంది. హైమ ఆమె చేతిలోంచి రిమోట్ లాక్కుంది.

కళావతి పాడినదాన్ని కూడా దాచాను. మూడో వరుస బాణీ ఇక ఆమె దగ్గరే ఉంది. వచ్చే ఏడు ఒలుపుడుకు రమ్మని హైమ రాస్తే, ఆ పలక ఫోటో తీసి పంపాను. మిగతా మూడేళ్ల నవ్వులు ఎక్కడా లేవు. కన్నమ్మత్త వాళ్ల పక్కింటి వాళ్లనీ అడిగాను. ఎక్కడా లేవు.

పొద్దున వంటింట్లోకి వెళ్తూ చీపురు ఎత్తి పట్టుకున్నాను. దూకలేదు, మోకాలు నొప్పి. ఊరికే గుమ్మంలో నిలబడ్డాను. హైమ ఇటు తిరిగే ఉంది. భుజాలు కదిలాయి. ఈసారి మొహం కూడా కనిపించింది. నోరు మొత్తం తెరిచి, కళ్లు మూసుకుని, చప్పుడు లేకుండా. మెడ మీది గుడ్డ ఊపిరికి టపటపా కొట్టుకుంది.

అప్పుడు అడిగాను, జనవరిలో అడగనిది.

"ఆ రోజు బల్లిని ఇసిరేసినప్పుడు నవ్వినవా, కోపమొచ్చిందా?"

చేతులు తుడుచుకుంది. పలక తీసుకుంది. బలపం కోసం గూట్లో, డబ్బా వెనక, కిటికీ మీద వెతికింది. నేను ఆగాను.

"నవ్విన. నువ్వు చూస్తవనుకున్న. బల్లిని తెచ్చి పెట్టు."

కిటికీ కింద, కాలవలో, పక్కింటి గోడ వెంబడి వెతికాను. దొరకలేదు.